కుక్కపిల్ల కంపు పుట్టగొడుగు తినేసింది, ప్రమాదమా?

మీ ప్రశ్న చదివానండి. పాలకొల్లు దగ్గర ఊరు, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు, వాటి పాదుల్లోనూ కడియం నుంచి తెచ్చిన రోజా కుండీల్లోనూ కొబ్బరి పొట్టు మందంగా వేశారు. ముసురు పట్టిన వారానికి ఆ పొట్టులోంచి ఎర్రగా, వేలెడు పొడవున ఏదో లేచింది, కొసన పచ్చటి బంక, చుట్టూ ఈగలు, ఇల్లంతా ఎలక చచ్చిన కంపు. పక్కనే చిన్న చిన్న తెల్లటి గుడ్లు. అత్తగారు పాముగుడ్లంటున్నారు. ఐదు నెలల కుక్కపిల్ల పొద్దున్నే ఒక గుడ్డు తవ్వి తినేసి, గంటలోపే రెండుసార్లు కక్కి, ఇప్పుడు మామూలుగానే తిరుగుతోంది. ఇంట్లో పిల్లి ఉంది, కోళ్ళున్నాయి. ఇది విషమా, ఎలా వదిలించుకోవాలి, కొబ్బరి చెట్టుకి ఏమైనా అవుతుందా అని అడిగారు.

నేను కోనసీమలో పశువైద్యం చేసి రిటైరైనవాణ్ణి, ఈ ప్రశ్న ప్రతి వర్షాకాలం ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మీ ఇంట్లో లేచింది స్టింక్‌హార్న్ అనే జాతి పుట్టగొడుగు. ఎర్రటి కాడ, కోసుగా ఉన్న తల, దాని మీద పచ్చ గోధుమ రంగు బంక అని మీరు రాసినదాన్ని బట్టి ఫాలస్ రుబికుండస్ అయ్యే అవకాశమే ఎక్కువ. ఇదే కుటుంబంలో తెల్లటి వల పావడా కట్టుకున్నట్టుండేది ఇంకొకటి ఉంది, ఫాలస్ ఇండూసియాటస్, దాన్ని చైనాలో పెంచి, ఎండబెట్టి సూపుల్లో వేసుకుంటారు. అంటే ఈ కుటుంబంలో అన్నీ ప్రాణాలు తీసేవి కావు. అలాగని మీరు వండుకు తినమని చెప్పటం లేదు, మన పెరట్లో లేచినదాన్ని ఎవరూ నోట్లో పెట్టుకోవద్దు.

కుక్కపిల్ల విషయానికొస్తే, తిన్న గంటలోపే కక్కి, మళ్ళీ తోక ఊపుకుంటూ తిరుగుతోందంటే, తిన్నది స్టింక్‌హార్న్ గుడ్డే అయితే, చాలావరకు గండం గడిచినట్టే. దీన్ని తిన్న కుక్కలకి మామూలుగా వచ్చేది కడుపు తిప్పటం, వాంతులు, చొంగ, ఒకటి రెండు పలుచటి విరేచనాలు. పెద్ద కుక్క అయితే దానంతటదే తేరుకుంటుంది. పిల్ల కాబట్టి ఒంట్లో నీళ్ళు తగ్గిపోవటమే దీనికి అసలు ముప్పు. ఈ జాతి మీద ఒక పాత చెడ్డ కబురు కూడా ఉంది: 1890లో విలియం ఫార్లో అనే అమెరికా శాస్త్రవేత్త క్లాత్రస్ అనే దగ్గర చుట్టం రకం తిని పందులు చచ్చాయని రాశాడు. అది మీ పెరట్లోది కాదు. ఇంటర్నెట్‌లో స్టింక్‌హార్న్ పేరు కొడితే ఇలాంటివి కనబడి టెన్షన్ పడతారని ముందే చెబుతున్నాను.

నా అసలు మాట ఇది. కంపు కొట్టేదాన్ని చూసి అందరూ హడలిపోతారు, కానీ మన డెల్టా ఇళ్ళల్లో కుక్కల ప్రాణం తీసేవి దాదాపు అన్నీ కంపు లేనివే, వాటిలో సగం మన చేత్తో మనం పెట్టినవే. కుక్క కక్కగానే "ఆ దిక్కుమాలిన పుట్టగొడుగు తినుంటుంది" అని దాని మీదకి తోసేసి ఊరుకుంటే అసలు కారణం తప్పించుకుపోతుంది. అందుకే పుట్టగొడుగు కన్నా ముందు గడియారం చూడండి. ఎన్ని గంటలకి తిన్నది, ఎన్ని గంటలకి మొదటిసారి కక్కింది. డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఆయన మొదట అడిగేది ఇదే.

తిన్న అరగంట, గంటలో చొంగ కారిపోతూ, కళ్ళమ్మట నీళ్ళు, ఆగకుండా ఉచ్చ, విరేచనం, కంటిపాపలు చిన్నవైపోవటం, వణుకు, ఇవన్నీ కలిసి వస్తే అది స్టింక్‌హార్న్ పని కాదు. ఇనోసైబ్ లాంటి కొన్ని చిన్న గోధుమరంగు పుట్టగొడుగుల్లో మస్కరిన్ అనే విషం ఉంటుంది, అది ఇలా చేస్తుంది. మన దగ్గర అంతకన్నా ఎక్కువగా ఇలా చేసేది పురుగుమందు గుళికలు. నారుమడిలో చల్లగా మిగిలిన కార్బోఫ్యూరాన్ గుళికల సంచీ గొడ్లసావిట్లో మూలన పడుంటుంది, కుండీలో పురుగు పట్టిందని నాలుగు గుళికలు రోజా మొదట్లో వేస్తారు, ఆ మట్టిని కుక్క తవ్వుతుంది. రెండింటికీ అట్రోపిన్ ఇంజెక్షనే విరుగుడు, అది డాక్టరు చేతిలో పని, అయితే గుళికల సంగతి దాచకుండా చెప్పాలి. ఇంటాయన వేశాడని ఇంటావిడకి, ఇంటావిడ వేసిందని ఇంటాయనకి తెలియని కేసులు బోలెడు చూశాను.

గంట నుంచి మూడు గంటల్లో మొదలై, ఆపకుండా వాంతులు, విరేచనాలు అయ్యి కుక్క నేలకి అంటుకుపోతే, పచ్చికలో గొడుగులా విచ్చుకున్న పెద్ద తెల్ల పుట్టగొడుగు ఏమైనా ఉందేమో వెతకండి. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అని, మీద గోధుమరంగు పొలుసులు, ముదిరాక గొడుగు కింద రెక్కలు ఆకుపచ్చగా మారతాయి. కంపు ఉండదు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మనుషులు కూడా పుట్ట మీద మొలిచే మంచి రకం అనుకుని దీన్ని కోసుకెళ్ళి ఆసుపత్రి పాలవుతుంటారు. దీనితో చావు అరుదే గానీ చిన్న కుక్కకి సెలైన్ తప్పకపోవచ్చు.

అన్నిటికన్నా చెడ్డది ఆలస్యంగా వచ్చేది. పొద్దున తిని సాయంత్రం దాకా ఏమీ లేకుండా, ఆరు గంటలు దాటాక, ఒక్కోసారి పన్నెండు గంటలు దాటాక వాంతులు మొదలైతే, అది కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే అమాటాక్సిన్ అనే విషం కావచ్చు. దీంతో వచ్చిన చిక్కేమిటంటే మధ్యలో ఒక పూట కుక్క బాగైపోయినట్టు కనిపిస్తుంది, నీళ్ళు తాగుతుంది, ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుంటారు, లోపల మాత్రం కాలేయం పాడైపోతూ ఉంటుంది. రెండో రోజో మూడో రోజో కామెర్లు, రక్త విరేచనాలు, ఫిట్స్ వచ్చేటప్పటికి చెయ్యగలిగింది తక్కువ. ఈ విషం ఉన్న అమనీటా అనే జాతి పుట్టగొడుగులు చాలావరకు అడవి చెట్ల వేళ్ళతో పొత్తు కుదుర్చుకుని బతికేవి, అందుకని కొబ్బరి తోటలో వాటి బెడద తక్కువ. కానీ ఇదే విషం లెపియోటా అనే చిన్న గొడుగుల్లో కొన్నిటికి ఉంది, అవి కుళ్ళే ఆకు మీద కూడా మొలుస్తాయి. అమనీటా కూడా మొదట తెల్లటి గుడ్డులాగానే ఉంటుంది కాబట్టి గుడ్డు ఏదో తేల్చుకోవటం అవసరం.

తేల్చుకోవటం కష్టం కాదు. చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని ఒక గుడ్డుని మొదలంటా పైకి లాగండి. స్టింక్‌హార్న్ అయితే అడుగున తెల్లటి దారం, సన్నటి వేరులాగా, పొట్టులోకి సాగి ఉంటుంది. అక్కడే అత్తగారి అనుమానం తీరిపోతుంది, పాముగుడ్డుకి వేరుండదు. (రక్తపింజరి అయితే గుడ్లే పెట్టదు, పిల్లల్ని పెడుతుంది. జెర్రిపోతు, తాచు పెడతాయి, అవి తోలులా మెత్తగా ఉండి ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి.) ఇప్పుడు పాత బ్లేడుతో గుడ్డుని నిలువుగా రెండు చెక్కలుగా కొయ్యండి. పైన పల్చటి తొక్క, దాని కింద తాటి ముంజెలాంటి జిగురు పొర, ఆ లోపల ముదురు ఆకుపచ్చ పొర, మధ్యలో బెండులాంటి కాడ మడిచిపెట్టి ఉంటే అది స్టింక్‌హార్నే, ఇంకేదీ కాదు. జిగురు పొర లేకుండా లోపల బుల్లి గొడుగు ఆకారం, కాడ, రెక్కలు గీసినట్టు కనబడితే అది అమనీటా లాంటిది, ఆ గుడ్డు తిన్న కుక్కని వెంటనే, వాంతి కోసం ఎదురుచూడకుండా తీసుకెళ్ళాలి. లోపలంతా ఒకే తీరుగా తెల్లగా, ఏ ఆకారమూ లేకుండా ఉంటే పఫ్‌బాల్ అనే బంతిలాంటి పుట్టగొడుగు రకం. కోసిన చెక్కల్ని వెలుతురులో ఫోటో తీసి దగ్గర పెట్టుకోండి, డాక్టరుకి మీ వర్ణన కన్నా అదే ఉపయోగం.

ఇక మీరు రాయనిది నేనడుగుతాను. రోజా కుండీల్లో ఎరువుగా ఏం వేశారు? నర్సరీ మొక్క కొన్నప్పుడు చాలామంది వేప పిండి, ఎముకల పొడి, ఆముదం పిండి కలిపి వేస్తారు. వేప పిండితో బాధ లేదు. ఆముదం పిండిలో రిసిన్ ఉంటుంది, సరిగా వేడిచేసి విషం తీయని పిండి అయితే కుక్కకి నిజంగా ప్రాణాంతకం, పైగా ఎముకల పొడితో కలిస్తే ఆ వాసనకి కుక్క కుండీ మొత్తం తవ్వి తింటుంది. తిన్న కొన్ని గంటలకి, కొన్నిసార్లు మర్నాటికి, వాంతులు, రక్తంతో విరేచనాలు మొదలవుతాయి. అదే కుండీలో స్టింక్‌హార్న్ కూడా లేచి ఉంటే ఇంట్లో అందరూ వేలు చూపించేది దాన్నే. మీ కుండీల్లో ఆముదం పిండి ఉంటే ఈ పూటే ఆ కుండీల్ని కుక్కకి అందని ఎత్తులో పెట్టండి, ఈ ఒక్క పనీ మీ పెరట్లో పుట్టగొడుగులన్నీ పీకటం కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఇంకోటి ఎలకల మందు. దాళ్వా చేలల్లో నూకలకి నూనె, జింక్ ఫాస్ఫైడ్ కలిపి గట్ల మీద పెడతారు. కుక్క తిన్నా, మందు తిని చచ్చిన ఎలకని తిన్నా ప్రమాదమే. కక్కినదాంట్లో వెల్లుల్లి వాసనో కుళ్ళిన చేప వాసనో వస్తే ఈ అనుమానం పెట్టుకోండి. దీనికి ఒక్క జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను: పాలు, అన్నం ఏమీ పెట్టకండి. కడుపులో ఆమ్లం ఊరితే ఆ మందులోంచి ఫాస్ఫీన్ గ్యాసు ఇంకా ఎక్కువ పుడుతుంది. కుక్క కారులో కక్కితే అద్దాలు దించండి, ఆ గ్యాసు మనుషులకీ మంచిది కాదు.

ఐదు నెలల పిల్ల అన్నారు కదా, పార్వో (కుక్కపిల్లల ప్రాణం మీదకి తెచ్చే వైరస్ జబ్బు) టీకాలు పూర్తయ్యాయా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. పూర్తికాకపోతే, రేపో ఎల్లుండో వాంతులతో పాటు నెత్తురు కలిసి ముక్కు బద్దలయ్యే కంపుతో విరేచనాలైతే, పుట్టగొడుగు కథ పక్కన పెట్టి పార్వో పరీక్ష చేయించండి. కిట్‌తో పది నిమిషాల పని.

ఇవాళ ఇంట్లో ఏం చెయ్యాలంటే, ముందు నోట్లో మిగిలిన ముక్కలు తీసేసి తడిగుడ్డతో తుడవండి. మూతికి, ఒంటికి పచ్చ బంక అంటి ఉంటే సబ్బుతో స్నానం చేయించండి. కుక్కలు ఈ బంకలో పొర్లుతాయి కూడా, వాటికి కుళ్ళిన మాంసం వాసన అంటే అంత ఇష్టం, ఈ పుట్టగొడుగు ఈగల కోసం వదిలేవి కుళ్ళిన మాంసంలో ఉండే గంధకం వాయువులే మరి. ఒకటి రెండు గంటలు తిండి ఆపండి, అంతకన్నా ఎక్కువ వద్దు, పిల్లకి ఒంట్లో చక్కెర పడిపోతుంది. నీళ్ళు మాత్రం కొంచెం కొంచెంగా, ఒక్కసారి గిన్నె నింపి పెడితే గటగటా తాగేసి మళ్ళీ కక్కుతుంది. తర్వాత మెత్తగా ఉడికిన అన్నం, ఉప్పూ కారం మసాలా లేకుండా ఉడికించిన చికెన్, రెండు మూడు ముద్దలు. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు మళ్ళీ గులాబీ రంగు రావాలి. మెడ మీద తోలు పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోవాలి, ముడతలా నిలబడిపోతే నీళ్ళు తగ్గాయని అర్థం.

ఉప్పునీళ్ళు పట్టి కక్కించటం మాత్రం చెయ్యొద్దు. మన ఊళ్ళల్లో ఎవరో ఒకరు ఈ సలహా చెప్పేవాళ్ళుంటారు, చిన్న కుక్కకి ఆ ఉప్పే విషమైపోతుంది. కొబ్బరినూనె, చింతపండు రసం, మజ్జిగ గొంతులో పోసినా ఊపిరితిత్తుల్లోకి జారితే న్యుమోనియా. మన టాబ్లెట్లు వద్దు, పిల్లికైతే పారాసిటమాల్ ఒక్క ముక్క కూడా చంపగలదు. కక్కించాలా, బొగ్గుపొడి మందు పట్టాలా అన్నది తిన్న టైమును బట్టి డాక్టరు చెప్పాలి.

వెళ్ళాల్సిన గుర్తులు: మూడు నాలుగు సార్లకి మించి వాంతులు, నీళ్ళు కూడా నిలవకపోవటం, నెత్తురు, తూలుతూ నడవటం, వణుకు, చిగుళ్ళు పాలిపోవటం లేదా పసుపురంగుకి మారటం, లేదా తిన్న ఆరు గంటల తర్వాత కొత్తగా వాంతులు మొదలవటం. వీటిలో ఏ ఒక్కటున్నా రేపటి దాకా ఆగకండి. మీ ఊళ్ళో పశువుల ఆసుపత్రి మూసి ఉంటే 1962కి ఫోన్ చెయ్యండి, సంచార పశువైద్య వాహనాల నంబరు అది. కుక్కల కేసంటే గేదెలంత చురుగ్గా కదలరని కొందరంటారు, అయినా ఫోన్‌లో కనీసం దగ్గర్లో డాక్టరు ఎవరున్నారో తెలుస్తుంది. కేసు ముదిరితే భీమవరం, ఏలూరు లాంటి పెద్ద ఊరు, అక్కడా కాదంటే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల. వెళ్ళేటప్పుడు కోసిన గుడ్డు, కక్కినదాంట్లో కొంచెం, కాగితంలో చుట్టి తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే పుట్టగొడుగు గంటల్లో నీళ్ళోడి ముద్దైపోతుంది, గుర్తుపట్టలేం.

పిల్లి గురించి పెద్దగా దిగులు పడక్కర్లేదు. వాసన చూసి, ఈగల్ని నాలుగు పంజాలు కొట్టి వెళ్ళిపోతుంది, తినటం అరుదు. పిల్లికి ప్రమాదం మీరు శుభ్రం చేసే తీరులో ఉంది. కంపు పోవాలని ఫినాయిల్ గుమ్మరిస్తే ఆ తడి మీద నడిచి, కాళ్ళు నాక్కుంటుంది, ఫినాల్ రకాలు పిల్లులకి అస్సలు పడవు. కోళ్ళు పొట్టు కెలికేది పురుగుల కోసం. వాటికి కూడా గుళికలే యముడు, పక్షులు కార్బోఫ్యూరాన్‌కి ఎంత తట్టుకోలేవంటే చిన్న పిట్ట ఒక్క గుళికతో పోతుంది. సంక్రాంతికి పెంచే పుంజుని కంటికి రెప్పలా చూసుకునే ఊళ్ళు మనవి, ఆ శ్రద్ధలో పావు వంతు గుళికల సంచీ ఎక్కడుందో చూడటం మీద పెడితే చాలు.

వదిలించుకోవటానికి మందేమీ లేదు, కొనకండి. కార్బెండజిమ్ అనే బూజు మందు పిచికారీ చేస్తే పోతుందని షాపులో చెబుతారు, అది పైన తడుస్తుంది గానీ పొట్టు లోపల అల్లుకున్న బూజుదారాల్ని చేరదు. సున్నం చల్లితే కుక్కపిల్ల అరికాళ్ళు కాలతాయి. కిరోసిన్ సంగతి చెప్పక్కర్లేదు. చెయ్యాల్సింది పొద్దున్నే, కుక్కని వదలకముందు, ఒక చుట్టు తిరిగి గుడ్లు గుడ్లుగా ఉన్నప్పుడే పీకటం. గుడ్డు పగిలాక కాడ కొన్ని గంటల్లోనే లేచిపోతుంది, ఎండెక్కేసరికి ఈగలు చేరి ఆ బంకలో ఉన్న విత్తుల్ని మోసుకుపోతాయి, అప్పుడు పీకి లాభం సగమే. కవరు చేతికి తొడుక్కుని పట్టుకుని, అదే కవర్ని తిరగేసి మూటకట్టి చెత్తబండికి ఇచ్చెయ్యండి, పెంటపోగులో వెయ్యకండి, వచ్చే ఏడు ఆ ఎరువు వేసిన చోటల్లా లేస్తుంది. వానలు ఆగి పొట్టు ఆరితే ఇవి వాటంతటవే ఆగిపోతాయి. తుఫాన్ల నెలల్లో, అంటే అక్టోబరు నవంబరుల్లో, ఇంకో విడత రావచ్చు. అరటి బోదెలు, నరికిన కొబ్బరి మొద్దు, ముక్కిన మట్టలు పెరట్లో గుట్టగా ఉంటే అవి తీయించెయ్యండి, వీటికి తిండి అదే.

కొబ్బరి చెట్టుకి ఏమీ కాదు. చాలామంది దీన్ని గనోడెర్మా తెగులనుకుని కంగారు పడతారు. గనోడెర్మా పుట్టగొడుగు చెట్టు మొదలుకే అంటుకుని, చెక్కలా గట్టిగా, లక్క పూసినట్టు మెరుస్తూ ఉంటుంది, కాండం మీద ఎర్రటి బంక కారుతుంది. అలాంటిది కనిపిస్తే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళని అడగండి, ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మేలైన బూజు), వేప పిండి ఎలా వెయ్యాలో చెబుతారు. మీ స్టింక్‌హార్న్ చచ్చిన పీచు మీద, పొట్టు మీద బతికేదే, బతికున్న వేరు జోలికి పోదు. పాదులో పొట్టు మందం సగానికి తగ్గించి, వారానికోసారి పార గుచ్చి తిరగేసి, కుక్కపిల్ల పెద్దయ్యేదాకా ఆ పాదు చుట్టూ నడుమెత్తు నెట్ కట్టండి.